అభ్యంతరం లేదు

కన్నతల్లి తన బిడ్డ వాదం విని నిష్పక్షపాతంగా తీర్పు చెప్పలేదన్నది లోకంలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. దాన్ని పరీక్షకు పెట్టే ఓపిక ఆ ఉదయం సోషల్ మాస్టారికి లేదు. మైకు గురగురలాడుతోంది. సాక్షుల బోను కోసం తెచ్చిన బల్లకు ఒక కాలు పొట్టి. చాలదన్నట్టు, బడి పిల్లల మాక్ ట్రయల్ పోటీ ఫైనల్‌కు న్యాయమూర్తిగా ఒప్పుకున్న రిటైర్డ్ జడ్జి నడుం పట్టేసిందని అప్పుడే ఫోన్ చేశారు.

"లాయరమ్మ వచ్చారుగా, ఆవిణ్ణి కూర్చోబెట్టండి," అంది హెడ్‌మిస్ట్రెస్.

"పక్క బడి తరఫున ప్రాసిక్యూషన్ వాదించేది ఆవిడ కూతురేనండీ."

"మరెవరున్నారు? నాకు బెయిలంటే ఏమిటో తెలీదు. మీరు కూర్చోవడం ఎలాగూ కుదరదు."

మాస్టారు కాళ్ళీడ్చుకుంటూ లాయరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"మీరే దిక్కమ్మా. కానీ ఒక్కమాట. గెలిచిన పిల్లకి లా కాలేజీ వేసవి శిక్షణలో సీటు. ఉన్నది ఒక్కటే. అది మీ అమ్మాయికే వస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

లాయరమ్మ మొహం కందగడ్డయింది. "ఆ మాట పడను మాస్టారూ. చూడండి."

కేసు కల్పితమే: బడి ల్యాబు తగలబెట్టాడని వాచ్‌మన్ మీద నేరారోపణ. లాయరమ్మ కూతురు తడుముకోకుండా వాదిస్తోంది. తన సాక్షిని అడిగింది: "అతని చేతిలో అగ్గిపెట్టె చూశారు కదా?"

అవతలి పక్షం నోరు మెదపకముందే న్యాయమూర్తి బల్ల చరిచింది.

"సొంత సాక్షి నోట్లో జవాబు పెట్టకూడదని తెలీదా? మార్కులు తగ్గిస్తున్నాను."

ఆ పిల్ల గొంతు ఆ తర్వాత మళ్ళీ పైకి లేవలేదు.

డిఫెన్స్ పిల్ల వంతు వచ్చింది. ఆమె కూడా తన సాక్షిని అడిగింది: "మంటలు లేచినప్పుడు మీరు గేటు దగ్గరే ఉన్నారు కదా?"

అదే తప్పు. లాయరమ్మ కూతురు సగం లేచి, తల్లి మొహం చూసి, కూలబడింది. న్యాయమూర్తి కలం కదల్లేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఒక్క మార్కు తేడాతో డిఫెన్స్ గెలిచింది.

"నిర్వాహకులకు అభ్యంతరమేమైనా ఉందా?" అడిగింది లాయరమ్మ.

"లేదండీ," అన్నారు మాస్టారు.

వరండాలో తల్లీకూతుళ్ళ మాటలు హాల్లోకి వినబడుతూనే ఉన్నాయి.

"ఆ అమ్మాయి అడిగితే ఎందుకూరుకున్నావమ్మా?"

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో నువ్వు జడ్జివి కాదుగా!"

వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, మాస్టారు కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చారు. మైకు తీగ చుట్టారు. ఫ్యాన్లు ఆపారు. నడుం విరిగిపోతోంది. తల్లి తన బిడ్డవైపు మొగ్గలేదు, అంతవరకు నిజం.

"ఇంటికి పద నాన్నా," అంది గెలిచిన పిల్ల.