పోయొస్త అనాలె

సంచి సర్దడమంటే సమ్మవ్వకు భయం. సద్దిగిన్నె సంచిలో పెట్టి పెనిమిటి పోశంను పంపిన రోజే బొగ్గుబావి పైకప్పు కూలింది. అప్పటి నుంచి ఇంట్లోంచి ఎవరు కదిలినా "పోత" అంటే ఒప్పుకోదు. "పోయొస్త" అనిపించేదాకా కొంగు వదలదు.

ఇప్పుడు బిడ్డకు సంచి సర్దుతోంది. రెండు చీరలు, నొప్పి గోలీలు, కాగితంలో చుట్టిన సర్వపిండి.

"జల్ది అవ్వా. వాడొస్తడు," అంది సంధ్యారాణి.

ఎడమచేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నిన్న సాయంత్రం మొగుడు ప్రశాంత్ ఆ చేతివేళ్లను తలుపుసందులో పెట్టి తలుపు మూశాడు. వేళ్లు నల్లగా ఉబ్బాయి. గోళ్ల కింది నుంచి నెత్తురు ఇంకా ఊరుతోంది.

"కుడిచెయ్యి సంతకానికి ఉంచిన," అన్నాడు మూసేటప్పుడు.

సంధ్యారాణిని గోదావరిఖనిలో గుర్తుపట్టనివాళ్లు లేరు. మొదట చీరల దుకాణం హోర్డింగు మీద కనిపించింది. తర్వాత హైదరాబాదులో ర్యాంపు మీద నడిచింది. రెండేళ్లుగా సినిమాల్లో చేస్తోంది. టీవీలో ఒకసారి "మా అవ్వ చెయ్యెత్తితే లారీలు ఆగుతయ్" అంటే, అందరూ జోకనుకుని చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు బొంబాయి కంపెనీ ఒకటి ఆమె పేరు అడుగుతోంది. చీరల మీద, హ్యాండ్‌బ్యాగుల మీద, కాటుక డబ్బీల మీద వేసుకోవడానికి.

"పేరు అమ్ముడేందే?" అంది సమ్మవ్వ.

"అమ్ముడు గాదవ్వా, కిరాయికిచ్చుడు. సరుకు వాళ్లు చేసుకుంటరు. పేరు నాదే ఉంటది. అమ్మినదాంట్ల నాకింత వాటా. ఇల్లు కిరాయికిచ్చినట్టే."

"కిరాయికున్నోడు ఖాళీ చెయ్యకపోతే?"

సంధ్యారాణి నవ్వబోయింది. పక్కటెముకలు కలుక్కుమని ఆగిపోయింది.

"అసొంటోణ్నే గద పెండ్లి చేసుకున్న."

ఆ పేరు తనకు రాసిమ్మని ప్రశాంత్ పట్టు. ఆర్నెల్లుగా కొడుతున్నాడు. బెల్టుతో, వీపు మీద, తొడల మీద. మొహం మాత్రం ముట్టుకోడు. ఆ మొహం మీదే కదా బతుకుతున్నాడు. ఆమె తప్పించుకుని తల్లి దగ్గరికి వస్తే, హైదరాబాదు నుంచి కారేసుకుని వెనకాలే దిగాడు.

ఈ పొద్దున లాడ్జి నుంచి వచ్చాడు. బాండు పేపరు కోసం బజారుకు పోతూ సమ్మవ్వను పిలిచి డిక్కీ తెరిచాడు. అందులో ఒక సీసా. మూత తీస్తే యాసిడ్ వాసన గుప్పుమంది.

"మొహం ముట్టనని ధీమా నీ బిడ్డకు. నేనొచ్చేటాలకు సంతకానికి తయారుగుండాలె అత్తమ్మా. లేకుంటే ఆ మొహం గూడ ఉండదు."

నవ్వుతూనే అన్నాడు.

సమ్మవ్వ కొయ్యకు వేలాడుతున్న ఎర్రగుడ్డను లాగి బిడ్డ వేళ్లకు గట్టిగా చుట్టింది.

"అవ్వా, మరి నీకో?"

"నాకియ్యాల అక్కెర లేదు. ఎర్రగుంటే నెత్తురు కనబడదు. స్టేషన్ల నిన్ను జూస్తే ఫొటోలని ఎగబడ్తరు."

బయట పక్కింటి జమున ఆటో తెచ్చి ఆపింది. "ప్రశాంత్ అంట, ప్రశాంత్! ఆ పేరు పెట్టినోళ్లకు దండం పెట్టాలె. ఎక్కు సంధ్యక్కా, తారురోడ్డు మీంచి రామగుండం దించేస్త."

"పోత అవ్వా."

"ఏంది?"

"పోయొస్త."

అప్పుడు కొంగు వదిలింది.

ఆటో మలుపు తిరిగాక సమ్మవ్వ ఇంటికి తాళమేసి డ్యూటీకి బయల్దేరింది. పోశం పోయాక గనివాళ్లు ఇచ్చిన కొలువు. పొద్దంతా ఎండలో నిలబడేది.

మధ్యాహ్నం ఆమె కమాన్‌పూర్ దిక్కు పోయే మట్టితొవ్వ మొదట్లో, తుమ్మచెట్టు పక్కన ఉంది. ఇరుగుపొరుగును అడుగుతూ ప్రశాంత్ కారులో అక్కడికే వచ్చాడు. దిగీ దిగగానే చెంప మీద కొట్టాడు. పడిపోయింది. జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు. ఆమె పన్ను ఒకటి దుమ్ములో పడింది.

"ఎటు పంపినవే ముసల్దానా?"

దూరంగా సైరన్ కూసింది. ప్రశాంత్ ఉలిక్కిపడి జుట్టు వదిలాడు.

"అదేంది?"

"షిఫ్టు మారుతున్నది," అంది సమ్మవ్వ, నెత్తురు ఉమ్మేసి.

"సంధ్య యాడికి పోయింది?"

సమ్మవ్వ చెయ్యి చాపి మట్టితొవ్వ చూపించింది.

"గిట్లనే. స్టేషన్‌కు అడ్డతొవ్వ. ఆటో ఇప్పుడే పోయింది. గుంతల తొవ్వ గద, దూరం పోయుండదు."

"పోతున్న. దొరకనియ్. ఈడికే గుంజుకొచ్చి నీ కండ్ల ముందల్నే సీసా గుమ్మరిస్త."

సమ్మవ్వ ఆ మాట దిద్దలేదు.

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము అణిగేదాకా ఆమె అటే చూసింది. సైరన్ ఇంకా కూస్తూనే ఉంది. కొంగులో ఫోన్ మోగింది.

"రైలెక్కిన అవ్వా. కదిలింది. వాడొచ్చిండా?"

"వచ్చిండు."

"కొట్టిండా? ఏమన్నడు?"

"పోతున్న అన్నడు బిడ్డా."

పేలుళ్లకు ముందు బ్లాస్టింగ్ సైరన్ కూయగానే ఆ మట్టితొవ్వకు అడ్డంగా ఎర్రగుడ్డ ఎత్తి, ఓపెన్‌కాస్టు బొగ్గుగని దిక్కు ఎవరూ పోకుండా ఆపడమే సమ్మవ్వ డ్యూటీ. ఆ మధ్యాహ్నం ఆ తొవ్వన పోయిన ప్రశాంత్ తిరిగి రాలేదు.