నలభై మీటర్ల రూలు

“సరిపోలేదండి. మళ్లీ రావాలి,” అంటూ యమున టేపు చుట్టడం మొదలుపెట్టింది.

టవరు కంపెనీ ప్రమోద్ ముఖం వాడిపోయింది. “మేడమ్, టవరు వచ్చేచోట గుర్తుకి ఈ రాడ్డు నేనే దగ్గరుండి కొలిచి పాతించానండీ!”

“సంతకం పెట్టేది నేను కాబట్టి నా కొలతే లెక్క. టవరు ఎత్తు నలభై మీటర్లు. హైవే అంచు నుంచి కూడా అంత దూరం ఉండాలి. తుఫానుకి కూలినా రోడ్డు మీద పడకూడదు. ఇది ముప్ఫై తొమ్మిదే.”

“ఒక్క మీటరుకేటి తల్లీ! ఇప్పుడే ఎనక్కి జరిపీసి కొలిసీ,” అంది తవిటమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

“అలా కుదరదు పెద్దమ్మా. వీళ్లు జరపాలి, మా ఆఫీసుకి చెప్పాలి, అప్పుడు నేనొచ్చి కొలవాలి.”

నౌపడ రోడ్డు హైవేలో కలిసేచోట తవిటమ్మది టిఫిన్ కొట్టు. అట్లు పోసేది కొడుకు గిరిబాబు. కొట్టు వెనక జీడితోట కూడా వాళ్లదే, టవరు వచ్చేది అందులోనే. ఆ మలుపులో సిగ్నల్ ఉండదు. తిన్నవాళ్లు ఫోన్లో డబ్బు కొట్టాలంటే చేతులు పైకెత్తి దేవుణ్ని మొక్కినట్టు నిలబడాలి. మొన్న ఒక డ్రైవరైతే ఏకంగా లారీ మీదకే ఎక్కాడు. అందుకే తవిటమ్మకి టవరంటే అంత ఆత్రం.

యమున శ్రీకాకుళంలో ప్లానింగ్ ఆఫీసరు. బస్సు దిగి, ఆటో పట్టుకుని, ఆకలితో వచ్చి, ముందు రెండు అట్లు తింది. ఆ తర్వాతే టేపు తీసింది. నవ్వు మాత్రం ఆఫీసులోనే మర్చిపోయి వచ్చినట్టుంది.

ఆమె వెళ్లాక గిరిబాబు పెనం మీద వరసగా మూడు అట్లు మాడాయి.

ప్రమోద్ రాడ్డుని ఒక మీటరు వెనక్కి పాతించి, ఆఫీసుకి కబురు పెట్టాడు. యమున రెండోసారి వచ్చే రోజు పొద్దున్నే గిరిబాబుకి ఒక సంగతి తట్టింది. ఇవాళ కొలత సరిపోతుంది. ఆమె సంతకం పెడుతుంది. ఆ తర్వాత ఈ మలుపుకి ఆమె ఎందుకొస్తుంది?

తల్లి నీళ్లకి వెళ్లగానే రాడ్డు పీకి నాలుగడుగులు రోడ్డు వైపు పాతేశాడు.

“సరిపోలేదండి,” అంది యమున.

“అయ్యో!” అన్నాడు గిరిబాబు, వీలైనంత బాధగా.

మూడోసారీ అంతే. టేపు ఒక కొస పట్టుకుని అతను హైవే అంచున నిలబడేవాడు. రెండో కొస దగ్గర, రాడ్డు పక్కన, ఆమె అంకె చూసేది. అంతకంటే దగ్గరగా నిలబడే అవకాశం రూల్సులో లేదు.

“అట్టు ఎలాగున్నాదండీ?” అని అక్కడి నుంచే అరిచాడు ఒకసారి.

“ఉప్పు సరిపోయింది. మీటర్లే సరిపోవట్లేదు!”

ఆ ఒక్క మాటతో అతనికి వారం గడిచిపోయింది. ప్రమోద్ మాత్రం విసిగిపోయాడు. “తోట మీది, రాడ్డు మీది. మీరే జరుపుకోండి,” అని వెళ్లిపోయాడు.

నాలుగోసారి తవిటమ్మే దగ్గరుండి రాడ్డు వెనక్కి పాతించి నీళ్లకి బయల్దేరింది. బిందె మర్చిపోయి వెనక్కొచ్చింది.

“ఒరే! ఆ రాడ్డెందుకు పీకుతన్నావురా?”

గిరిబాబు రాడ్డుని వీపు వెనక దాచబోయాడు. మనిషంత పొడవున్న రాడ్డు ఎక్కడ దాగుతుంది!

“సంతకం పెట్టీసిందంటే మరి రాదమ్మా...”

“ఎవుర్రా రాదు?” అని తవిటమ్మ కొడుకునీ రాడ్డునీ మార్చి మార్చి చూసింది. తర్వాత బిందె మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. “ఓరి నీ ఏసాలో! నా టవరునాపి ఆయమ్మకి లైనేస్తన్నావా? నోరు నేదేటి, అడగరాదా?”

“ఆఫీసరమ్మ కదే. నాను అట్లు పోసుకునీవాణ్ని.”

“ఆ అట్లే కదా ఒచ్చినప్పుడల్లా తింటన్నాది! సూడు, నాకు టవరు గావాల. ఆ పిల్లొస్తానంటే అదీ గావాల. రాడ్డు సరింగా పాతు. సంతకం అవగానే అడిగీ. ఊఁ అందా, సంబరం. ఉహూఁ అందా, సిగ్నలొస్తాది గదా, ఫోన్ సూసుకుంటూ ఏడుద్దువు.”

గిరిబాబు మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చి, ఒకటికి రెండుసార్లు కొలిచాడు. ఎందుకైనా మంచిదని రూలు కంటే ఒక మీటరు వెనక్కే పాతాడు. గడ్డం గీసుకున్నాడు. అడగాల్సిన మాట జీడిచెట్లకి వినిపించి ప్రాక్టీసు చేశాడు.

యమున వచ్చింది. తవిటమ్మ చోడంబలి, అదే రాగి అంబలి, ఇస్తే తాగి, ఇంకో గ్లాసు అడిగి మరీ తాగింది. టేపు తీసింది.

“ఇయ్యాల రోడ్డు కాడ నాను పట్టుకుంటాను,” అని తవిటమ్మ టేపు కొస లాక్కుంది. “ఒరే, నువ్వు ఆయమ్మ దగ్గరుండి సూడు.”

గిరిబాబు మొదటిసారి ఆమె పక్కన నిలబడ్డాడు. జీడిపూత వాసన తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ప్రాక్టీసు చేసిన మాటలో మొదటి ముక్క కూడా గుర్తు రావడం లేదు.

యమున టేపు బిగించి లాగింది. వంగి చూసింది. చాలాసేపు చూసింది.

“ఎంతొచ్చిందే తల్లీ?” హైవే అంచు నుంచి తవిటమ్మ కేక, లారీ హారన్ల మీదుగా.

“ముప్ఫై తొమ్మిదే పెద్దమ్మా! మళ్లీ రావాలి!”

గిరిబాబు ఉలిక్కిపడి ఆమె వంక చూశాడు. ఆమె తలెత్తలేదు. టేపూ చుట్టలేదు. అతను వంగి చూశాడు.

టేపు మీద ఉన్నది నలభై ఒకటి.