ఆసుపత్రి వెనక ట్యాంకు

పెరుందేవి ఆ మాట చెప్పడం పొద్దుటి నుంచి ఇది ఏడోసారి.

“నీళ్ళు శుభ్రమేనండీ. భయపడకండి!”

“నువ్వు సెప్తే సరిపోతాదామ్మా?” అన్నాడు జయరావు.

తిరుపతిలో ఆ ఆసుపత్రి వెనక వీధంతా గేటు ముందే కూర్చుంది. గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథికి జబ్బు ముదిరినవాళ్ళకు అక్కడ రేడియేషన్ మందు మింగిస్తారు. వాళ్ళ బాత్‌రూమ్ నీళ్ళను రెండు ట్యాంకుల్లో నెలల తరబడి నిలవుంచి, రేడియేషన్ తగ్గాక వెనక కాలవలోకి వదులుతారు. ఇవాళ వదిలే రోజు. ఆ కాలవ పక్కనే వీధి బోరు ఉంది. అదీ గొడవ.

ఆ నీళ్ళను పరీక్షించి సరే అనాల్సింది పెరుందేవే. ఎనిమిదేళ్ళ సర్వీసు, సంచీ నిండా రిపోర్టులు. ఒక్కరైనా నమ్మితే ఒట్టు!

అందరిలోకీ మొండి ఈ జయరావే. నలుగురితో కూర్చోడు. ఎదురుగోడ దగ్గర ఒక్కడే నిలబడి అరుస్తాడు.

“ఆ మందు మింగినోళ్ళని పిల్లకాయల దగ్గరికి పోవద్దంటారు. పక్కన పండుకోవద్దంటారు. వాళ్ళ నీళ్ళు మాత్రం మా బిడ్డలు ఆడుకొనే కాలవలోకి ఇడుస్తారా? ఇదేం న్యాయమబ్బా?”

“అది మొదటి రోజుల్లో జాగ్రత్తండీ. ఇవి మూడు నెలల కిందటి నీళ్ళు!”

“కతలు సెప్పొద్దు!”

అంతలో జయరావు మనవరాలు, అయిదేళ్ళ రెబెకా “తాతా!” అంటూ పరుగెత్తింది.

“ఆడే ఉండు! ఈడికి రావద్దు!” అని గుడ్లురిమాడు. పిల్ల బిక్కమొహం వేసి అవ్వ ఒళ్ళో దూరింది.

“పోయిన వారం చెన్నైలో పెండ్లికని పోయొచ్చినాడు మేడమ్,” అంది ఆయన భార్య సుబ్బులమ్మ. “వచ్చీరాంగానే ఈ ట్యాంకు గోల పట్టుకున్నాడు. బిడ్డను ఎత్తుకొనేదానికి కూడా తీరిక లేదు.”

పెరుందేవికి ఓపిక అయిపోయింది. ట్యాంకు నీళ్ళు ఒక బక్కెట్ పట్టించి అందరి ముందూ పెట్టింది. రేడియేషన్ తగిలితే కీచుమనే మీటరును నీళ్ళ మీద అటూ ఇటూ తిప్పింది. అది కిమ్మనలేదు.

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఇద్దరు లేచి చీరలు దులుపుకున్నారు కూడా.

“ఆ మీటరు సెడిపోయుండాది!” అన్నాడు జయరావు గోడ దగ్గర నుంచే.

అంతే, పెరుందేవికి తిక్క రేగింది.

“అయితే మీరే పట్టుకుని చూడండి!” అంటూ మీటరుతో విసవిసా ఆయన మీదికి వెళ్ళింది.

“వద్దమ్మా, దగ్గరికి రావద్దు!” అంటూ జయరావు గోడకు అతుక్కుపోయాడు.

బక్కెట్ దగ్గర నోరెత్తని మీటరు, ఆయన గొంతు ముందుకు రాగానే ఆగకుండా కీచుకీచుమని అరిచింది.