నిశ్శబ్దం కూడా ఎక్కే రికార్డరు

"ఊద్ వాద్యం పాఠాలకేగా తల్లీ? అయితే ఇదే తీసుకో," అని ట్యూనిస్‌లోని నా కొట్టులో అన్నిటికంటే మంచి రికార్డరు రఫీఖా ముందు పెట్టాను. "శబ్దం ఉంటేనే ఎక్కించుకుంటుంది. వాయించడం ఆపితే అదీ ఆగిపోతుంది. వినేటప్పుడు సగం టైము కలిసొస్తుంది."

"అది వద్దు హాదీ బాబాయ్. పోయినేడు మీరిచ్చింది అలాంటిదే. నిశ్శబ్దం కూడా ఎక్కేది ఇవ్వండి."

నాకు ఒళ్ళు మండింది. "నిశ్శబ్దాన్ని డబ్బిచ్చి కొనేదానివి ఈ ఊళ్ళో నువ్వొక్కదానివే," అన్నాను.

ఆమె నవ్వలేదు. పక్కనున్న మామూలు రికార్డరు తీసుకుని, మీట నొక్కి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఏదైనా మాట్లాడు. లేకపోతే ఏం ఎక్కుతుంది?"

పలకలేదు. చాలాసేపటికి కళ్ళు తెరిచి అంకెలు చూసుకుంది.

"నాలుగు నిమిషాలు," అంది. "మా గురువుగారు వాయిస్తూ మధ్యలో ఆగితే మేం కళ్ళు తెరిచేవాళ్ళం కాదు, ఊపిరి కూడా గట్టిగా తీసేవాళ్ళం కాదు. అలా ఆగాకే ఆయన అసలు వరస ఎత్తుకునేవారు. ఆ రోజూ ఎత్తుకుంటారనే కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆయన తల ఊద్ మీద వాలిపోయి ఉంది."

ఆమె ముందు పెట్టిన మంచి రికార్డరు వెనక్కి తీసేశాను.

"పాత రికార్డరులో ఆయన ఆగడం, నా కేక, పక్కపక్కనే ఉన్నాయి. కాస్త ముందు తీసుకొచ్చుంటే బతికేవారన్నాడు డాక్టరు. ఎంతసేపయిందని అడిగితే చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు అంతసేపూ అలాగే కూర్చుని చూశాను."

రికార్డరు నా వైపు తిప్పింది.

"నాలుగు నిమిషాలు అయ్యుండదు కదా, బాబాయ్?"