నడుం దగ్గర గడ్డ

"రాత్రి నిద్రలో నా కాలి బొటనవేలు పట్టుకుని 'కదిలించు, కదిలించు' అన్నారు, తెలుసా?" అంది భార్య.

అతనికి తెలీదు. తెలిసినా ఒప్పుకునే రకం కాదు.

"పెద్ద డాక్టరుగారు అక్కడే ఉంటారుగా, మీకెందుకంత గుబులు?"

ఎందుకుండదు గుబులు? గడ్డ వెన్నెముక అడుగున, నడుం దగ్గర, కాలికి వెళ్ళే నరం మీదే తిష్ఠ వేసింది. క్యాన్సర్ కాదు, నిజమే. కానీ చెయ్యి ఓ వెంట్రుకవాసి జారిందంటే ఆ కాలు జన్మంతా ఈడ్చుకోవాల్సిందే. స్కాన్ ఫిల్ము కొన్నాళ్ళుగా అతని తలగడ కిందే ఉంది. పెళ్ళి ఫొటోలు కూడా అన్నిసార్లు చూసుకోలేదు.

పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా ఆస్పత్రికి బయల్దేరాడు.

భయపడేవాడు దొరకాలే గానీ ధైర్యం చెప్పడానికి అందరూ తయారే. వాచ్‌మన్ చెప్పాడు. లిఫ్ట్‌మన్ చెప్పాడు. నర్సు అతని గడియారం, ఉంగరం తీయించి, ఆకుపచ్చ బట్టలు చేతికిచ్చింది. "ఇలా వణికితే ఎలాగండీ?" అని టోపీ ముడి కూడా తనే వేసింది.

అప్పుడొచ్చాడు పెద్ద డాక్టరు, అవే ఆకుపచ్చ బట్టల్లో. కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాడు.

"భయంగా ఉందా?"

"లేదు సార్."

"నాకైతే కొంచెం ఉంది."

అతనికి నవ్వు రాలేదు. "ఇంకా పెద్ద ఆస్పత్రికి వెళితే మంచిదేమో సార్."

"ఎక్కడికెళ్ళినా ఈ గడ్డే, ఇలాంటి కత్తే. మళ్ళీ చెప్తా, విను. పొర చీలిస్తే గడ్డ బఠాణీ గింజలా బయటికొస్తుంది. ఒక్క నరప్పోగు మాత్రం పట్టుకుని వదలదు. దానికి కాస్త కరెంటు ముట్టిస్తే పాదం కదిలిందా, జోలికి పోకూడదు. కదల్లేదా, కోసెయ్యొచ్చు. చివరి ముక్క మరీ మొండికేస్తే అక్కడే వదిలెయ్యాలి. అదుంటే ఏమీ కొంప మునగదు."

"మెలకువొచ్చాక బొటనవేలు కదలకపోతే?"

"ఇంకాసేపాగి మళ్ళీ కదిలించమనడమే."

"అప్పుడూ కదలకపోతే?"

"కర్ర పట్టుకుని నడవడమే."

"ఇంత తేలిగ్గా ఎలా మాట్లాడతారు సార్?"

"ఏళ్ళ తరబడి అందరికీ చెప్పేది ఇదేగా, నోటికొచ్చేసింది." పెద్ద డాక్టరు కాసేపు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఒకవేళ కాలు పోయినా నీ మీద నాకేం కోపం ఉండదు. నువ్వు మాత్రం ఏడుస్తూ కూర్చోకు."

ఇదేం ఓదార్పో అతనికి అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుని తలూపాడు.

నర్సు తలుపు తీసి, అంతా సిద్ధమంది.

"పద పద, రాత్రి నుంచి ఏమీ తినలేదు, ఆకలి దంచేస్తోంది," అంటూ లేచాడు పెద్ద డాక్టరు.

థియేటర్ గుమ్మంలో అతని భుజం తట్టి, "ఇక చేతులు కడుక్కో నాయనా," అని చెప్పి, పెద్ద డాక్టరు వెళ్ళి టేబుల్ ఎక్కి పడుకున్నాడు.