మాస్టారి పిట్టల పుస్తకం

“ముందు ఆ బైనాక్యులర్స్ ఇలా ఇవ్వండి!”

తలుపు తెరిచిన పెద్దాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. ఎదుటి బ్లాకు మూడో అంతస్తులో అత్తగారితో ఉంటుంది. భర్తది వేరే ఊళ్లో ఉద్యోగం. బట్టలు ఆరేస్తున్నా, కిటికీ దగ్గర తల దువ్వుకుంటున్నా ఆ రెండు అద్దాలు తనవైపే తిరిగి ఉండటం ఈ వారంలో నాలుగోసారి. ఇవాళ దువ్వెన విసిరికొట్టి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చేసింది.

“ఏమైందమ్మా?”

“ఏమైందా? పొద్దస్తమానం నా కిటికీలోకి ఏం చూస్తున్నారు? ఈ వయసులో సిగ్గనిపించట్లేదూ?”

అరుపులకి చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. అపార్ట్‌మెంట్ సెక్రటరీ చేతిలో పేపరుతోనే పరుగెత్తుకొచ్చాడు.

“ఎవర్ని పట్టుకుని ఏం మాటలమ్మా అవి? మాస్టారు పిట్టల్ని చూస్తారు. మా పిల్లలకి పిట్టల పేర్లు నేర్పింది ఆయనే!”

“పిట్టలు నా కిటికీలో ఉంటాయా?”

మాస్టారు గొంతు పెంచలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, “టుక్ టుక్ మంటోంది, విన్నారా? కంసాలిపిట్ట. ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది. దాన్ని చెవులతోనే పట్టుకోవాలి. ఆ తర్వాత పలికింది పికిలిపిట్ట. నువ్వే చూడమ్మా,” అంటూ మెడలోని బైనాక్యులర్స్ తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె వెనక్కి తిరిగి కసిగా కళ్లకి ఆనించుకుంది. తన కిటికీ కనిపించింది. దాన్ని ఆనుకునే చెట్టుకొమ్మ. కొమ్మ మీద నల్లటి జుట్టు నిక్కబొడుచుకున్న పిట్ట, తోక కింద ఎర్రటి మచ్చ. దాని పక్కన గిన్నెలాంటి గూడు.

నిజంగానే ఉంది.

“ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను,” మాస్టారు లావుపాటి నోట్‌బుక్ తెచ్చి సెక్రటరీ చేతిలో పెట్టాడు. పేజీల నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. సెక్రటరీ చివర్నుంచి రెండు పేజీలు తిప్పి, మూడోదాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

“ఈవిడ్ని చూడాల్సిన ఖర్మ ఆయనకేంటి?” ఎవరో వెనకనుంచి అన్నారు. నలుగురూ నవ్వారు.

ఆమె చెవులు భగ్గుమన్నాయి. “నాలుగుసార్లు చూశాను. నేనేం గుడ్డిదాన్ని కాను.”

“క్షమాపణ చెప్పమ్మా. పెద్దాయన,” అన్నాడు సెక్రటరీ.

“తప్పయిపోయింది,” పళ్ల బిగువున అని, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

ఇంట్లో అత్తగారు కాచుకుని ఉంది.

“అయిందా వీరంగం? రేపు లిఫ్టులో నలుగురికీ నా మొహం ఎలా చూపించను?”

“నాకు కనిపించింది చెప్పాను అత్తయ్యా.”

“కనిపించిందట! ఆ మహానుభావుడికి మనవరాలి వయసు నీది.”

ఆమె అంట్లగిన్నెలు సింకులో ధడేలున పడేసి తోమడం మొదలుపెట్టింది. కోపం ఆయన మీదో, నవ్వినవాళ్ల మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు. పీచు కింద గిన్నె కిర్రుమంటోంది.

అత్తగారి ఫోను మోగింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ ఆ ఫొటో పెట్టాడు. ‘మాస్టారి నిస్వార్థ కృషికి ఇదే సాక్ష్యం. ఇకనైనా కొందరు నోరు అదుపులో పెట్టుకుంటే మంచిది.’ కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

“ఆ కొందరు ఎవరో అందరికీ తెలుసులే,” అత్తగారు కళ్లజోడు పెట్టుకుంది. “చదువుతాను, విను. ఎంతటి మనిషిని అన్నావో అర్థమవుతుంది. ‘పికిలిపిట్ట. మూడో అంతస్తు గూడు. సోమవారం ఎనిమిదీ పదికి బయటికి, ఆరున్నరకి గూటికి.’ చూశావా, నిమిషాలతో సహా రాశాడు! ‘మంగళవారం ఎనిమిదింబావుకి బయటికి, ఆరున్నరకి గూటికి. గురువారం వానలో తడిసి ఆలస్యంగా వచ్చింది, ఏడూ ఇరవై. శనివారం మామూలే. ఆదివారం...’”

అత్తగారి గొంతు ఆగింది.

“ఊఁ, చదవండి. ఇంకా ఎంత గొప్పవాడో విందాం,” అంది ఆమె, కుళాయి కట్టెయ్యకుండానే.

“‘ఆదివారం రోజంతా గూట్లోనే.’”

అత్తగారు కళ్లజోడు తీసి కోడలి వైపు చూసింది.

“పిట్టలకి ఆదివారం సెలవేంటే, అమ్మాయ్?”