లేజరుకు దిష్టి

"మళ్ళీ మొదటికొచ్చింది జువైనా. కంటి మీద కిరణం సగంలో ఆగిపోయింది. ఆ ముసలాయన హడలిపోయాడు," అన్నాడు డాక్టర్ ఖల్ఫాన్.

మస్కట్‌లోని ఆ కంటి ఆసుపత్రికి లేజర్ బాగుచెయ్యడానికి రావడం ఎన్నోసారో జువైనాకే గుర్తులేదు. మూత విప్పి లోపలి అద్దం తుడిచింది. ప్రతిసారీ తుడిచేదే. ఈసారి ఎందుకో దూది వాసన చూసింది.

"ఈ గదిలో సాంబ్రాణి ఎవరేస్తున్నారు?"

"నేనే. నువ్వు బాగుచేసి వెళ్ళిన ప్రతిసారీ."

"ఎందుకు?"

"మళ్ళీ దిష్టి తగలకుండా."

ఆమె దూదిని అతని చేతిలో పెట్టింది. దానికంటిన పొగజిడ్డును డాక్టర్ వేలితో రుద్ది చూశాడు.

"అయితే, నేను వెయ్యకపోతే..."

"నేను రానక్కర్లేదు." జువైనా కుర్చీలో కూలబడింది. "దిష్టి నాకు తగిలినట్టుంది. ఆ పొగేదో నాకు వెయ్యండి డాక్టర్‌గారూ, వరండాలో."